పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి



పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి కోత ఒక్కటే గాయం కాదు. ఆ దెబ్బ శరీరమంతటికీ తగులుతుంది. కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి, కండ కరుగుతుంది. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు అనేవి కొన్నాళ్లపాటు తగ్గి, మందగిస్తాయి. కుట్లకు చీము పట్టడం, న్యుమోనియా రావడం ఆ రోజుల్లోనే. దీనిని పూర్తిగా ఆపలేము గాని తగ్గించవచ్చు. అందులో కొంత మా చేతుల్లో ఉంది, కొంత మీ చేతుల్లో ఉంది.

మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని నెల రోజులు కారప్పొడి అన్నం, పాలు రొట్టె పెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదండీ! గాయం మానడానికీ, రోగనిరోధక కణాలు తయారవడానికీ మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు సుమారు 60 నుంచి 75 గ్రాములు అవసరం. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. డాక్టరు తినవచ్చని చెప్పినది మొదలు గుడ్లు, పప్పు, పెరుగు, చేప కొంచెం కొంచెంగా మాటిమాటికి పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ముందుగా మమ్మల్ని అడగాలి.

ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందే బీడీ, సిగరెట్టు మానాలి. రక్తహీనత ఉంటే ముందే మందులు వాడి సరిచేసుకోండి, రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. ఎక్కించిన రక్తం ప్రాణం నిలిపేదే, అయినా అది కూడా రోగనిరోధక శక్తిని కొంత అణచవచ్చు. షుగరు 180 దాటకుండా మేము చూస్తుంటాము. మాకు చెప్పకుండా గ్లూకోజు నీళ్లు తాగించకండి.

డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో పెద్దపేగు ఆపరేషన్ అయినవారికి నొప్పి బాగా తగ్గించి, త్వరగా తినిపించి, త్వరగా నడిపించి, తొందరగా కోలుకునేలా చేసి చూపించారు. కనుక సిస్టరుగారు లేపి నడిపిస్తుంటే "పాపం, పడుకోనివ్వండమ్మా" అని అడ్డుపడకండి. నొప్పిని ఓర్చుకోమని కూడా చెప్పకండి. నొప్పి ఉంటే గట్టిగా దగ్గలేరు, కఫం ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది.

చూడవచ్చేవారు ఒకరిద్దరు చాలు, అదీ సబ్బుతో చేతులు కడుక్కొని. జలుబు, దగ్గు ఉన్నవారు రావద్దు. సంఘమంతా మంచం చుట్టూ నిలబడనక్కరలేదు, వరండాలో చేసిన ప్రార్థన కూడా దేవుడు వింటాడు.

ఇంటికి వెళ్లాక జ్వరం, ఆయాసం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము కనిపిస్తే చెకప్ తేదీ వరకు ఆగకండి. రాత్రయినా సరే తీసుకురండి.