పడక పక్కన అడిగే ప్రశ్న



ఎవరి స్మృత్యర్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆమె క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సు. అందుకే ఈ రోజు నర్సింగ్ కళాశాలల్లోకి రావలసిన ఒక పాఠం గురించి మాట్లాడతాను.

క్యాన్సర్ రోగి డాక్టరును అడగని మాటలు సిస్టరును అడుగుతాడు. రౌండ్స్‌లో పదిమంది చుట్టూ నిలబడితే ‘బాగానే ఉందండీ’ అంటాడు. అర్ధరాత్రి డ్రిప్ మార్చడానికి సిస్టరు వచ్చినప్పుడు, కాపలా ఉన్న కొడుకు కునుకు తీస్తున్నాడని చూసుకుని, మెల్లగా అడుగుతాడు: “ఎన్నాళ్లుంటానమ్మా?” పక్క మంచం మీది పెద్దావిడ అంటుంది: “ఎవరికేం అన్యాయం చేశాను సిస్టర్, నాకే ఎందుకొచ్చింది? ఇంకా నాకోసం ఖర్చెందుకు?” వీటన్నిటికీ మన వార్డుల్లో వినిపించే జవాబు ఒకటే: “ఏం కాదు, ధైర్యంగా ఉండండి.” అది నిజం కాదని చెప్పేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. ఆ మాటతో రోగి నోరు మూతపడుతుంది. ఇందులో ఆ సిస్టరు తప్పేమీ లేదు. క్యానులా ఎలా పెట్టాలో, కీమో మందు కారితే ఏం చేయాలో నేర్పిన చదువు, ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పలేదు.

చావు, బాధ, బతుకుకు అర్థం గురించిన ఇలాంటి ప్రశ్నలనే పట్టించుకున్న తత్వధార అస్తిత్వవాదం. ఆ పేరు వినగానే అది యూరప్ తత్వవేత్తల వ్యవహారం, నర్సుకెందుకు అనేవారున్నారు. కానీ అమెరికాలో మానసిక వైద్య రంగంలో పనిచేసిన నర్సు జాయిస్ ట్రావెల్‌బీ 1966లోనే ఈ ఆలోచనలను నర్సింగ్ సిద్ధాంతంలోకి తెచ్చారు. తత్వవేత్త కీర్కెగార్డ్‌నూ విక్టర్ ఫ్రాంకల్‌నూ చదివిన ఆమె, రోగి అనే ముద్రనూ నర్సు అనే ముద్రనూ దాటి ఇద్దరు మనుషులు ఎదురుపడినప్పుడే నర్సింగ్ మొదలవుతుందని వాదించారు. జబ్బును తట్టుకోవడంలోనే కాక, అవసరమైతే ఆ బాధలో ఒక అర్థం వెతుక్కోవడంలో కూడా తోడుండటం నర్సు పనేనన్నారు. 1973లో, యాభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు.

ఫ్రాంకల్ గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఈ వియన్నా వైద్యుడు నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, 1946లో ఆ అనుభవాన్ని పుస్తకం చేశారు. చేసే పనిలో, పొందే ప్రేమలో, తప్పించుకోలేని బాధ ముందు మనిషి నిలబడే తీరులో జీవితానికి అర్థం దొరుకుతుందన్నది ఆయన దర్శనం. దీని ఆధారంగానే న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో మనోవైద్యుడు విలియం బ్రైట్‌బార్ట్, ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికోసం ఒక చికిత్సా పద్ధతి రూపొందించారు. అయితే తరగతి గదిలో ‘బాధలోనూ అర్థముంది’ అన్న ముక్క ఒక్కటే మిగిలిపోయే ప్రమాదం ఉంది. తప్పించగల బాధను తప్పించడమే మొదటి పని అని ఫ్రాంకల్ స్పష్టంగా చెప్పారు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి అర్థం గురించి బోధించడం క్రూరత్వం. ముందు మార్ఫిన్, తరవాతే మాట. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆ మార్ఫిన్ రోగికి అందడమే గగనమైంది. 2014లో చట్టం సవరించాక నిబంధనలు కొంత సడలాయి. అయితే మార్ఫిన్ అందినంత మాత్రాన పని పూర్తి కాదు. లండన్‌లో 1967లో ఆఖరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పిలో శరీరం, మనసు, సంసారం, ఆత్మ అన్నీ పెనవేసుకుని ఉంటాయని చెప్పారు. డాక్టరు కావడానికి చాలా ముందే ఆమె నర్సు.

మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ 1980లో రాసిన గ్రంథంలో మనిషిని వెంటాడే నాలుగు విషయాలను ప్రస్తావించారు: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థశూన్యత. ఈ నాలుగూ మన వార్డుల్లో ఏ రూపంలో కనిపిస్తాయో చూపించకపోతే విద్యార్థులు పరీక్షకు బట్టీపట్టి మరిచిపోతారు. ఒంటరితనమంటే, క్యాన్సర్ అంటుకుంటుందేమోనన్న భయంతో ఇంట్లో కంచం, గ్లాసు వేరుచేసిన ఆడమనిషి. స్వేచ్ఛ మాటకొస్తే మన దగ్గర ఇంకా చిక్కు. “నాన్నగారికి తెలియనివ్వకండి సిస్టర్, తట్టుకోలేరు” అని పిల్లలు వరండాలో బతిమాలుతారు. లోపల ఆయనకు ఎప్పుడో అర్థమైపోయింది. పిల్లలు బాధపడతారని తెలియనట్టే ఉంటాడు. ప్రేమకొద్దీ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటారు, ఆ మౌనం మధ్యలో నర్సు నిలబడుతుంది. పొలం ఎవరి పేర రాయాలి, ఎవరితో రాజీపడాలి, ఆఖరి రోజులు ఊళ్లో గడపాలా ఆసుపత్రిలోనా అన్నవి ఆయన నిర్ణయాలు. ఆయనకు తెలియదని అందరూ నటిస్తున్నంతకాలం అవి ఆయన చేతికి రావు.

మరి నేర్పవలసిందేమిటి? జవాబులు కాదు. ‘ఎన్నాళ్లుంటాను’ అన్నప్పుడు నర్సు అంకె చెప్పనక్కర్లేదు, అది ఆమె చెప్పవలసిన మాటా కాదు. స్టూలు లాక్కుని కూర్చుని, “ఎందుకలా అనిపించింది తాతా? డాక్టరుగారు ఏం చెప్పారు?” అని అడగగలగాలి. ఆయనకు ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నాడో వినాలి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వాలి. ‘అంతా దేవుడి దయ’ అంటే ఆ నమ్మకంతోనే కలిసి నడవాలి. కానీ ‘నీ కర్మ’ అన్న మాట మాత్రం నర్సు నోట రాకూడదు. తాను పాపం చేశానేమోనని కుమిలిపోతున్న మనిషికి అది శిక్ష ఖరారు చేసినట్టే వినిపిస్తుంది. ఇది తరగతిలో ఉపన్యాసంతో వచ్చే విద్య కాదు. స్వీడన్‌లో క్యాన్సర్ శస్త్రచికిత్స వార్డుల నర్సులకు ఇలాంటి శిక్షణ ఇచ్చినప్పుడు, పాఠంతో పాటు వాళ్లు సొంత అనుభవాలను తోటివారితో కలిసి తరచి చూసుకునే సమావేశాలూ పెట్టారు. నేను కోరేదీ అదే.

చివరగా నర్సు సంగతి. కెనడాలోని క్యూబెక్‌లో పాలియేటివ్ (ఉపశమన) సంరక్షణ నర్సుల కోసం లీజ్ ఫియోన్ బృందం ఫ్రాంకల్ ఆలోచనలతో వారానికొకటి చొప్పున నాలుగు సమావేశాలు నడిపి, 2009లో ఫలితాలు ప్రచురించింది. ఈ పని తమకేమిచ్చిందో నర్సులు మరింత బాగా గుర్తించారు. వాళ్ల భావోద్వేగ జీవితంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆసుపత్రుల యాజమాన్యాలు ఈ రెండో సగాన్ని కూడా చదవాలి. ఒక్క నర్సు వార్డంతా చూసుకుంటూ ఉంటే ఆ స్టూలు మీద కూర్చోవడం కుదరదు. సిబ్బంది కొరతను భరించే ఓపిక నేర్పడానికి ఫ్రాంకల్‌ను వాడుకుంటే అది ఆయనకూ నర్సులకూ అన్యాయం.

అందుచేత ఈ వేదిక నుంచి నా విన్నపం ఇది. ప్రతి క్యాన్సర్ వార్డులో వారానికి ఒక గంట, ఆ వారం రోగులు తమనేమడిగారో నర్సులు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో బీపీ, నొప్పి తీవ్రత, మందుల మోతాదులతో పాటు రాత్రి రోగి అడిగిన ప్రశ్న కూడా ఒక వాక్యంగా రావాలి. ఆ గంటను డ్యూటీ ముగిశాక పెట్టకూడదు. డ్యూటీ లెక్కలోనే చేర్చాలి, ఆ గంటసేపు వార్డు చూడటానికి మరొక నర్సును వేయాలి.