పేరు చెక్కిన బల్ల, ఎండిపోయిన మొక్క

ఈరోజు ఎపిసోడ్ పార్కుల గురించి. "పార్కుల గురించి ఏముంటుంది మాట్లాడటానికి?" అని స్క్రోల్ చేసేయకండి. ముందు మా ఇంట్లో జరిగిన విషయం ఒకటి చెప్తాను.

మా తాతయ్య రిటైరయ్యాక రోజూ సాయంత్రం కాలనీ పార్కుకి వెళ్లేవారు. నలుగురు పెద్దవాళ్లు, ఒక పేపరు, బోలెడన్ని రాజకీయాలు. ఆయన పోయాక, సంవత్సరీకానికి గుర్తుగా ఏదైనా చేద్దాం అనుకున్నాం. పర్మిషన్ తీసుకుని ఆ పార్కులో ఒక గ్రానైట్ బల్ల వేయించాం. దాని మీద తాతయ్య పేరు చెక్కించాం. నీడ కోసం పక్కనే కానుగ మొక్క నాటాం. కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం, స్టేటస్ పెట్టాం. అంతే, ఆ తర్వాత మర్చిపోయాం.

రెండు వేసవులు గడిచాక ఒకరోజు నాన్నమ్మని తీసుకెళ్లాం. మొక్క ఎండి పుల్ల అయిపోయింది. బల్ల చుట్టూ పిచ్చిమొక్కలు. సాయంత్రం ఐదైనా రాయి కాలిపోతోంది, కూర్చోలేం. నాన్నమ్మ కాసేపు చూసి మా నాన్నతో ఒకే మాట అంది: "పేరు చెక్కించడానికి డబ్బులున్నాయి గానీ, నీళ్లు పోయడానికి మనిషి లేడారా?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఇలా విరాళాలతో నడిచే పార్కులు ఎక్కడైనా ఉన్నాయా అని వెతికితే న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్క్ కనిపించింది. సినిమాల్లో మీరందరూ చూసే ఉంటారు. 843 ఎకరాలు. 1858లోనే జనానికి తెరిచారు. కానీ 1970ల్లో దాన్ని చూసుంటే గుర్తుపట్టేవాళ్లు కాదు. అప్పుడు న్యూయార్క్ నగరం దివాలా అంచుకి వెళ్లింది. పార్కుని చూసుకునే సిబ్బంది తగ్గిపోయారు. పచ్చిక మైదానాలు దుమ్ము నేలలయ్యాయి, గోడల నిండా పిచ్చిరాతలు, విరిగిన బల్లలు. చీకటి పడితే అటు వెళ్లాలంటే జనానికి భయం.

1980లో కొంతమంది కలిసి సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ అని ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. పార్కు నగరానిదే. కానీ విరాళాలు పోగుచేయడం, పార్కుని బాగుచేయడం వీళ్లు నెత్తినేసుకున్నారు. 1998లో నగరం వీళ్లతో పార్కు నిర్వహణకి ఒప్పందమే రాసుకుంది. ఇప్పుడు అక్కడయ్యే ఖర్చులో ఎక్కువ భాగం విరాళాల నుంచే వస్తుంది.

నాకు నచ్చింది డబ్బు ఎంత వచ్చిందని కాదు, దాన్ని ఎలా వాడారు అని. 1990ల్లో పార్కుని 49 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక తోటమాలిని పెట్టారు. గడ్డి ఎండినా, చెత్తబుట్ట నిండినా ఎవర్ని అడగాలో అందరికీ తెలుసు. "ఇది నా పని కాదు" అనే మాటకి చోటు లేదు.

బల్లల సంగతి చూడండి. 1986 నుంచి అక్కడ బల్లని దత్తత తీసుకోవచ్చు. మనలాగే, పోయినవాళ్ల పేరు మీద చిన్న ఫలకం పెట్టించుకుంటారు. కానీ ఆ డబ్బు బల్లల్ని, వాటి చుట్టూ ఉన్న పచ్చదనాన్ని ఎప్పటికీ చూసుకోవడానికి మూలనిధిలోకి వెళ్తుంది. మేం రాయి కొన్నాం. వాళ్లు ఆ రాయిని చూసుకునే చేతుల్ని కూడా కొన్నారు. తేడా అదే.

మూలనిధి అంటే కొత్తదేం కాదు. మన గుళ్లలో శాశ్వత అన్నదానానికి కడతారు కదా? అసలు అలాగే ఉంటుంది, వడ్డీతో ఏటా అన్నం పెడతారు. అదే లెక్క. 2012లో జాన్ పాల్సన్ అనే ఇన్వెస్టర్ ఈ పార్కుకి 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందులో సగం మూలనిధికే.

అయితే ఇందులో ఒక చిక్కుంది, అదీ చెప్పాలి. సెంట్రల్ పార్క్ చుట్టూ ఉండేది బాగా డబ్బున్నవాళ్లు. న్యూయార్క్‌లో 1,700కి పైగా పార్కులున్నాయి. పేదలుండే చోట పార్కుకి 10 కోట్లు ఎవరిస్తారు? ఈ గొడవ అక్కడ గట్టిగానే నడిచింది. చివరికి 2015లో కొన్ని పెద్ద పార్కుల సంస్థలు, వెనకబడ్డ ప్రాంతాల పార్కులకి కూడా సాయం చేస్తామని నగరంతో ఒప్పుకున్నాయి. కాబట్టి దానం పన్నుకి బదులు కాదు. దాతలున్నారు కదా అని నగరం చేతులు దులుపుకుంటే, దాతలు లేని బస్తీ పిల్లలకి ఉయ్యాల ఉండదు.

ఇక మా పార్కు దగ్గరికి వద్దాం. పోయినేడు తాతయ్య తిథికి కొత్తగా ఏదీ కట్టించలేదు. కాలనీలో పద్నాలుగు ఇళ్లవాళ్లం కలిసి నెలకి 200 చొప్పున వేసుకుంటున్నాం. 2,800 అవుతుంది. తోటపని తెలిసిన ఒకాయన వారానికి రెండు రోజులు వస్తారు. నీళ్లు పోస్తారు, కలుపు తీస్తారు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది ప్రతి నెలా గ్రూపులో పెడతాం. లైట్లు, కుళాయి లాంటివి నగరపాలక సంస్థ పని కాబట్టి, వాటికి మాత్రం అర్జీ పెడుతూనే ఉన్నాం.

మధ్యలో రెండు ఇళ్లవాళ్లు మానేశారు, ఇంకో ఇద్దరు చేరారు. అంత తేలిక కాదు. కానీ మళ్లీ నాటిన కానుగ ఈ వేసవి దాటింది. ఇంకా నీడ రాలేదు, నా భుజం దాకా వచ్చింది. నాన్నమ్మ పొద్దున పూట, ఎండ ఎక్కకముందే వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంటోంది.

మీరు కూడా పుట్టినరోజుకో, ఇంట్లో పెద్దల పేరు మీదో పార్కుకి ఏదైనా ఇవ్వాలనుకుంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఫొటో దిగిన మర్నాటి నుంచి దీన్ని ఎవరు చూసుకుంటారు?" దానికి జవాబు దొరికాకే డబ్బు ఇవ్వండి. అది 200 అయినా సరే.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.