పని మార్చుకునే హక్కు

(అంబేద్కర్ జయంతి నాడు పల్లెలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఏప్రిల్ 14 మనకు బాబాసాహెబ్ పుట్టినరోజు. ఫైరాఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఇది ఇంకో రోజు కూడా. 1944లో ఇదే తేదీన బొంబాయి రేవులో మందుగుండు ఉన్న ఓడ పేలింది. మంటలార్పబోయిన అగ్నిమాపక సిబ్బంది అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళను తల్చుకుంటూ దేశమంతా ఈ రోజు నుంచి అగ్నిమాపక వారోత్సవం చేస్తారు.

ఈ మాట ఎందుకెత్తానంటే, మన పల్లె కుర్రాడొకడు ఫైర్‌మాన్ ఉద్యోగం చేస్తున్నాడు. పేరు చెప్పను. అదుగో, వెనక వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. పోయిన ఎండాకాలం ఒక ఇల్లంటుకుంటే లోపలికి దూకి ఒకమ్మను భుజాన వేసుకొచ్చాడు. ఈలోగా చుట్టుపక్కలవాళ్ళు ఆమె ఒంటికి సిరా పోశారు, పేస్టు రాశారు. వద్దని అరిచినా వినలేదు. ఆమె బతకలేదు. "నా పని ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోయింది మాస్టారూ. ఆ గుమ్మం లోపల పని నేర్చుకుంటాను, నర్సింగ్ చదువుతాను" అన్నాడు నాతో.

వాళ్ళమ్మ ఏడ్చింది. "గవర్నమెంటు ఉద్యోగం, వదిలేస్తే మళ్ళీ వస్తదా? మీరన్నా చెప్పండయ్యా" అంది. టీకొట్టు దగ్గర, "మగాడివై ఉండి మంచాల కింద గిన్నెలు తీస్తావా?" అని నవ్వారు. దాచుకోవడమెందుకు, నేనూ మొదట వద్దనే చెప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాత చెప్పులు కుట్టాడు. మా నాయనా చెప్పులే కుట్టాడు. ఇంకో పని చేస్తావా అని వాళ్ళను అడిగినవాడు లేడు. 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' రాశారు. అందులో ఆయన గట్టిగా పట్టుకున్న సంగతి ఇదే. మనిషి ఇష్టం, శక్తి చూడకుండా కులం పుట్టుకతోనే పని అంటగడుతుంది. ఒక పని నుంచి ఇంకో పనికి పోనివ్వదు. మరి పని మార్చుకుంటానన్న బిడ్డను వద్దంటే, నేను ఎవరి మాట మాట్లాడినట్టు?

ఇక గిన్నెల సంగతి. ఊరి మలం ఎత్తమని మనవాళ్ళ నెత్తిన పెట్టారు. దానికి గౌరవం లేదు, నేర్పే చదువు లేదు, మానేసే వీలు లేదు. అది బానిసత్వం. నర్సు పని అది కాదు. చదివి, పరీక్ష రాసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని చేసే పని. అంటు పని అని పై కులాలు దూరంగా ఉన్న కాలంలో మన క్రైస్తవ పల్లెల ఆడపిల్లలు మిషన్ ఆసుపత్రుల్లో ఈ విద్య నేర్చారు. మగపిల్లలు నేర్చుకుంటే తప్పేమిటి?

ఈ రెండు పనులూ ఎంతో దూరం కావు. 2011 డిసెంబర్ 9న కోల్‌కతాలో ఒక పెద్ద ఆసుపత్రిలో మంటలు లేచి తొంభై మంది దాకా చనిపోయారు. ఎక్కువ మందిని చంపింది పొగ. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు, రమ్య, వినీత, రోగుల్ని బయటికి చేర్చి, మిగిలినవాళ్ళ కోసం పాటుపడుతూ పొగలోనే ప్రాణాలొదిలారు. పొగ సంగతి తెలిసిన ఫైర్‌మాన్ వార్డులో నర్సుగా ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

అయితే తమ్ముడూ, ఆవేశంతో రాజీనామా రాయకు. ముందు సీటు, తర్వాతే రాజీనామా. జి.ఎన్.ఎం. మూడేళ్ళు, ఇంటర్ పాసవ్వాలి. బి.యస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు, ఇంటర్‌లో జీవశాస్త్రం ఉండాలి. వయసు గడువు చూసుకో. చదువుకు సెలవు దొరుకుతుందేమో పై అధికారికి కాగితం మీద పెట్టు, నోటిమాట నమ్మకు. స్కాలర్‌షిప్పు సంగతి సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే కనుక్కో. ఇటు నర్సు చదివి ఫైరు వైపు పోదామనుకునేవాళ్ళకూ ఒక మాట. అక్కడ పరుగు, దేహదారుఢ్య పరీక్షలుంటాయి. మన కులాలకు వయసులో అయిదేళ్ళ సడలింపు ఉన్నా ఆ తలుపు తొందరగా మూసుకుంటుంది. ఆలస్యం చెయ్యొద్దు. ఆడపిల్లలకు ఆ పనెందుకని ఎవరైనా అంటే, నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో 2002లో చేరి చదివి గెలిచిన హర్షిణి కన్హేకర్ పేరు చెప్పండి.

మీరంతా ఇవాళ ఒక్కటి నేర్చుకుని పోండి. ఒళ్ళు కాలితే చల్లటి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పొయ్యండి. సిరా వద్దు, పేస్టు వద్దు, కోడిగుడ్డు వద్దు, ఐసుముక్క వద్దు. మంటకు 101, అంబులెన్సుకు 108.

అమ్మా, నీ కొడుకు ఉద్యోగం పారేసుకోవడం లేదు. మీ తాతముత్తాతలకు లేని హక్కును వాడుకుంటున్నాడు. వాడు చదివినన్నాళ్ళు మీ ఇంటి ఖర్చులో కొంత మన సంఘం మోయాలని అడుగుతున్నాను. ముందు నా వంతు నేను రాస్తున్నాను. మిగతావాళ్ళు చేతులెత్తండి.

జై భీమ్!