నల్లరాయి కథ



టార్చిలైటు బ్యాటరీలో నల్లటి పొడి ఉంటుంది. అందులో మాంగనీసు ఉంది. ఉక్కు గట్టిగా ఉండాలన్నా మాంగనీసు కలపాలి. రైలు పట్టాల్లోనూ అది ఉంటుంది.

మాంగనీసు నల్లరాయిలో దొరుకుతుంది. ఆ రాయి చాలా బరువు. పట్టుకుంటే చేతికి మసి అంటుతుంది.

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి వైపు ఈ రాయి ఉంది. అక్కడి కొండరాళ్ళు కోట్ల ఏళ్ళ నాటివి. వాననీరు వాటిలోకి ఇంకింది. కొన్ని పదార్థాలు కరిగి పోయాయి. మాంగనీసు మిగిలి, నేల పైభాగంలోనే పేరుకుంది. అందుకే పైనుంచి గోతులు తవ్వి తీశారు.

1892లో కోడూరులో తవ్వకం మొదలైంది. మన దేశంలో మాంగనీసు గని అదే మొదటిది. అక్కడి ఒక రాతికి శాస్త్రవేత్తలు ‘కోడూరైట్’ అని ఊరి పేరే పెట్టారు. రాయి ఓడలెక్కి పరాయి దేశాలకు పోయింది.

గనుల్లో ఆడవాళ్ళు రాయి కొట్టారు. మంచిరాయి ఏరారు. తట్టలు మోశారు. మస్టరులో పేరు పక్కన వేలిముద్ర వేశారు. ఎన్ని రోజులు రాశారో, ఎంత కూలి రాశారో చదవలేకపోయారు. ఒకే పనికి ఆడామగా ఒకే కూలి ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. చదువు రాకపోతే తేడా ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట. ఈ రాతిదుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. చేతులు వణుకుతాయి. నడక తడబడుతుంది. రాయిని తడిపి కొట్టాలి. వణుకు వస్తే వయసు అనుకోవద్దు. డాక్టరుకు గనిపని సంగతి చెప్పాలి.

ఇప్పుడు మీకు అక్షరాలొచ్చాయి. మస్టరు చదవండి. రోజులు లెక్కపెట్టండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.