శరత్కాలమున కృష్ణ వెంట

వానలు వెనుకబట్టి, బాటలు ఆరి, ఏళ్లలో నీరు తేరుకొను వేళ పూర్వము రాజులు దండయాత్రలకు వెడలెడివారట. గడచిన కార్తీకమున మేమును వెడలితిమి. మా సేన నలుగురు. మా రథము అద్దెకారు. గుంటూరునుండి మాచెర్ల మీదుగా పోయి, నాగార్జునకొండ చూచి, నల్లమల యెక్కి శ్రీశైలము చేరవలెనని మా సంకల్పము.

శ్రోతలలో పెక్కురు నాగార్జునకొండను చూచియే యుందురు. విజయపురి దక్షిణపు రేవున లాంచి యెక్కి ముప్పావు గంట పోయినచో ఒక ద్వీపము వచ్చును. నిజమునకు అది ద్వీపము కాదు, ఒక కొండ తల. దాని పాదమున, నేడు లాంచి పోవు నీటి అడుగున, క్రీస్తు తరువాత 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి వెలసియుండెను. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసిన వంశమది. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యమునకు స్తంభము లెత్తించినది. సోదరుడు యజ్ఞము చేయుట, సోదరి స్తూపమును పోషించుట ఒకే యింట జరిగినవి; ఎవరును ఎవరిని తప్పు పట్టినట్లు శాసనములలో కానరాదు.

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. నీరు నిండకముందే లోయనంతయు శోధింపవలెను గనుక, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు సాగించిరి. గడువు పెట్టుకొని చరిత్రను చదువుట యెంత కష్టమో ఊహింపుడు! కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి, కొండపైకి చేర్చి, తిరిగి నిలిపిరి. 1966లో అచ్చట మ్యూజియము తెరచిరి. తక్కినది జలగర్భమున నున్నది. ఆ మ్యూజియములోని పాలరాతివంటి శిల్పముల యెదుట నిలిచినపుడు మాకు విచారము కలిగినది. కాని ఉదయము త్రోవలో కాలువ క్రింది వరిచేలు చూచి మురిసినవారమును మేమే గనుక, ఆ మాట పైకి అనుటకు నోరు రాలేదు.

తిరుగు లాంచిలో డెబ్బది దాటిన రైతొకరు మనుమని కేదో నీటివంక చూపుచుండిరి. ఆయనది ఈ లోయలోని పుల్లారెడ్డిగూడెమట. ఊరు ఖాళీ చేసిననాడు బాలుడట. మ్యూజియము బాగున్నదా యని అడిగితిమి. "మీరు బొమ్మలు చూడటానికొచ్చారు బాబూ, మేం మా ఊరు చూసుకోటానికొచ్చాం" అనిరి. పిదప మనుమనితో, "అదుగో, ఆ మలుపు కిందే మన చింతచెట్టు" అని మరల చేయి చాచిరి. ఆ బాలుడు నీటిని గాక తాత మొగమును చూచుచుండెను. త్రవ్వకముల నివేదికలలో ఆ చెట్టునకు చోటుండదు గదా.

అనుపు వద్ద, ఇక్ష్వాకులనాటి రంగస్థలమును తిరిగి కట్టినచోట, వృత్తిధర్మముచేత ఒక పరీక్ష చేసితిమి. ఒకరము నడిమి బండలపై నిలిచి సామాన్యస్వరముతో వార్తలు చదువగా, పైమెట్టున నున్నవారికి ప్రతి అక్షరము వినబడినది. మైకు లేనినాటి ఇంజనీర్లకు నమస్కరించి కదలితిమి.

ఎత్తిపోతలకడ చంద్రవంక 70 అడుగుల ఎత్తునుండి దూకుచున్నది. సందర్శకుల కేకలు జలపాతమును మించుటచే అచ్చట ఎక్కువసేపు నిలువలేదు.

మాచెర్ల, యర్రగొండపాలెము దాటి దోర్నాల చేరునప్పటికి పగలు మూడు గంటలు. అటనుండి త్రోవ పులుల అభయారణ్యము గుండా పోవును. రాత్రివేళ వాహనములను పోనీయరు గనుక ఆలస్యము చేయరాదు. కాని కనుమ నడుమ మా రథమునకు వేడి పుట్టి, అరగంట నిలుపవలసివచ్చినది. అది మా అదృష్టమే యనుకొందుము. యంత్రము ఊరకుండగానే అడవి మాటలాడ నారంభించినది. వెదురుపొదల సవ్వడి, ఎచ్చటనో కోతుల అరపు, లోయలో కనబడని సెలయేటి మ్రోత. బాట ప్రక్కన ఒక చెంచు వనిత మోదుగాకులపై సీతాఫలములు పేర్చి కూర్చుండెను. పండినవి మాకిచ్చి, పచ్చివానిని, "బియ్యంలో పెట్టండి, రెండు దినాలకు మగ్గుతాయి" అని వేరుగా మూటకట్టి యిచ్చినది.

శ్రీశైలమున ప్రాకారపు గోడయే ఒక గ్రంథము. విజయనగర కాలపు శిల్పులు దానిపై ఏనుగులను, వేటలను, కిరాతార్జునుల పోరును వరుసలుగా చెక్కిరి. దీపములు వెలుగువరకు చూచినను ఒక ప్రక్కయైన పూర్తికాలేదు.

మరునాటి ఉదయము తిరుగుప్రయాణమునకు ముందు కృష్ణను చూడబోతిమి. ఇచ్చటను ఆనకట్టయే. దిగువన విద్యుత్కేంద్రమును వీడిన నీరు కొండల నడుమ పచ్చగా, నెమ్మదిగా సాగుచుండెను. అది సాగరము చేరి పుల్లారెడ్డిగూడెము మీద నిలుచును. అటనుండి కాలువలబడి, మేము చూచిన వరిచేలకు పోవును.