పేకముక్కలతో శాస్త్రబోధ



పేకముక్కలు పట్టిన విద్యార్థి చెడిపోవునని మన పెద్దల నమ్మకము. కాని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో అధ్యాపకులే ముక్కలు పంచిరి. సాఫ్ట్‌వేర్ నిర్మాణశాస్త్రమును బోధించుటకై 2003 ప్రాంతమున అలెక్స్ బేకర్, ఎమిలీ నవారో, ఆంద్రే వాన్ డర్ హూక్ అనువారలు ‘ప్రాబ్లెమ్స్ అండ్ ప్రోగ్రామర్స్’ అను ఆటను కల్పించిరి.

ఆడువారు ఇద్దరు, ఒక్కొక్కరు ఒక్కొక్క పనికి నాయకులు. ఉన్న ధనమునకు లోబడి పనివారిని కుదుర్చుకొనవలెను. కావలసినవేవో వ్రాసికొని, నమూనా సిద్ధపరచి, అటుపిమ్మటనే ప్రోగ్రాము వ్రాయింపవలెను. ముందు ముగించినవానిదే గెలుపు గనుక తొందర పుట్టును. తొందరలో వ్రాయించినదానియందు దోషములు మెండు. ముక్కలు బోర్లించియుండుటచే పరీక్షించి తిప్పినగాని అవి కనబడవు. పత్రములను అశ్రద్ధ చేసినవానిపై ఎదిరి సమస్యల ముక్కను ప్రయోగించును.

ఇవి తరగతిలో చెప్పరా యందురేమో. చెప్పుదురు. ఆలస్యమైన పనికి క్రొత్తవారిని చేర్చిన మరింత ఆలస్యమగునని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే వ్రాసెను. విద్యార్థి దానిని పరీక్షలో వ్రాసి మార్కులు గొని మరచును. కళాశాలలో చేయు పని చిన్నది, పిదప దానిని వాడువారుండరు. అశ్రద్ధకు శిక్ష అచట తగులదు. నేడు బ్యాంకులు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రులు ఈ ప్రోగ్రాములపైననే నడచుచున్నవి. ఆ శిక్ష తుదకు ప్రజలకు తగులును.

ఆట యొక్కటే చాలదు సుమా. ఏల ఓడితివని గురువు ప్రక్కన కూర్చుండి అడుగనియెడల, ఓడినవాడు ముక్కలు కలిసిరాలేదని లేచిపోవును.