ట్రంప్ ఖాతా మూసిన తర్వాత

2021 జనవరి 6న అమెరికా క్యాపిటల్ భవనంపై దాడి జరిగింది. రెండు రోజులకే ట్రంప్ ఖాతాను ట్విట్టర్ శాశ్వతంగా మూసేసింది. తమ గొంతు నొక్కేస్తున్నారని అక్కడి సంప్రదాయవాదులు అంతకుముందు నుంచే మొత్తుకుంటున్నారు. పార్లర్ అనే మరో సోషల్ మీడియా యాప్‌కు మళ్లుదామంటే ఆపిల్, గూగుల్ దాన్నీ తమ స్టోర్ల నుంచి తీసేశాయి.

కానీ అదే ఏడాది అక్టోబరులో ట్విట్టరే బయటపెట్టిన అధ్యయనం చూడండి. ఏడు దేశాలను పరిశీలిస్తే, జర్మనీ తప్ప మిగతా ఆరింటిలో మితవాద (రైట్ వింగ్) నాయకుల పోస్టులనే దాని అల్గారిథమ్ ఎక్కువగా ముందుకు తోసింది. ఎందుకో కంపెనీకీ అంతుపట్టలేదట! ఖాతా మూసిందీ, ప్రచారం పెంచిందీ ఒకే సంస్థ.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నారు. నవంబరులో ట్రంప్ ఖాతాను తిరిగి తెరిపించారు. అప్పటికే ట్రూత్ సోషల్ అనే సొంత వేదిక పెట్టుకున్న ట్రంప్, 2023 ఆగస్టు దాకా ట్విట్టర్‌లో ఒక్క ముక్కా రాయలేదు.